కొనుగోలు రిజిస్టరులో ఎవరి పేర్లున్నాయి?

(మైనారిటీ విద్యాసంస్థల నిర్వాహకులు, మస్జిద్ కమిటీల బాధ్యులు, చిన్న ఉత్పత్తిదారులు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సభలో మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరినప్పుడు మేము ఒక షరతు పెట్టాము. మనకు జరుగుతున్న అన్యాయం గురించే కాక, మన చేతుల మీదుగా జరుగుతున్న అన్యాయం గురించి కూడా మాట్లాడనివ్వాలన్నాము. వారు సమ్మతించారు. అందుకు వారికి కృతజ్ఞతలు.

నేటి విషయం సరఫరా. ఒక సంస్థకు కావలసిన వస్తువును ఎవరు తయారు చేస్తున్నారు, ఎవరి వద్ద కొంటున్నారు, వారికి డబ్బు ఎప్పుడు ముడుతున్నది అన్నదే చర్చ. వినడానికి ఇది చిల్లర విషయంలా తోచవచ్చు. కానీ ఉద్యోగాల్లో మన వాటా గురించి ఎన్ని సభలు జరుపుకున్నామో, కొనుగోళ్ళలో మన వాటా గురించి ఒక్క సభ అయినా జరుపుకున్నామా అని ఆలోచించండి.

సచార్ కమిటీ 2005 మార్చిలో ఏర్పడి 2006 నవంబరులో నివేదిక సమర్పించింది. ఆ నివేదికలో విద్య గురించీ, ప్రభుత్వ ఉద్యోగాల గురించీ ఉన్న అంకెలు మనకు కంఠస్థమే. మరొక అంకెను మాత్రం మనం అంతగా పట్టించుకోలేదు. పట్టణాల్లో పనిచేసే ముస్లింలలో 57 శాతం మంది స్వయం ఉపాధి మీద బతుకుతున్నారని, హిందువులలో అది 43 శాతమని ఆ కమిటీ తేల్చింది. అనగా మనలో సగానికి మించినవారు నెల జీతం కోసం ఎదురుచూసేవారు కారు. ఎవరైనా వచ్చి పని అప్పగిస్తారా, సరుకు కొంటారా అని ఎదురుచూసేవారు. అటువంటి సముదాయానికి ఒక ఆర్డరు దక్కడమంటే ఒక ఉద్యోగం దక్కడమే.

పాత సంబంధం ఎక్కడ తెగింది

తెలుగు పల్లెల్లో గాజుల సాయిబును ఎరుగని వారు మా తరంలో అరుదు. భుజాన గాజుల మలారం వేసుకుని, పెళ్ళి జరిగే ఇంటికీ, సీమంతం జరిగే ఇంటికీ పిలవకుండానే వేళకు వచ్చేవాడు. దూదేకుల సాయిబు వచ్చాడంటే ఇంటిల్లిపాదీ పరుపులూ దిండ్లూ తెచ్చి వాకిట్లో వేసేవారు. అత్తరు సాయిబు సంచిలో సుగంధంతో పాటు పిల్లల కడుపునొప్పికి మూలికలు కూడా ఉండేవి. ఆ వ్యాపారాలకు రసీదు లేదు, టెండరు లేదు. అయినా ఏడాదికేడాది అదే మనిషి అదే గడపకు వచ్చేవాడు. మాట, కొలత, వేళ అనే మూడింటి మీద ఆ సంబంధం నిలిచింది. మతం వేరన్నది దానికి అడ్డు కాలేదు.

ఇప్పుడు పరుపులు కొనేది ఇల్లాలు కాదు, హాస్టలు. బట్టలు కుట్టించేది కుటుంబం కాదు, పాఠశాల. తెలంగాణలో మైనారిటీ గురుకులాలు 2016లో 71 పాఠశాలలతో మొదలై ఆ తరువాత 204కు పెరిగాయి. ఒక్కొక్క గురుకులానికీ పరుపులు కావాలి, దుప్పట్లు కావాలి, యూనిఫారాలు, పెట్టెలు, మంచాలు, గుడ్లు, మాంసం, కూరగాయలు కావాలి. ఇటువంటి పెద్ద కొనుగోలుదారు ఎవరి వాకిట్లోకీ నడిచి రాడు. ప్రకటన ఇస్తాడు, పోర్టల్‌లో పెడతాడు, కొటేషన్లు అడుగుతాడు. వస్తువు చేసేవాడికి ఆ ప్రకటన కనబడదు. కొనేవాడికి ఆ మనిషి కనబడడు. మధ్యలో ఉన్నవాడికి ఇద్దరూ కనబడతారు. లాభం అతనిది.

మేము చూసిన మూడు కొటేషన్లు

మేము మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాళ్ళము. అందులో కొన్నేళ్ళు కొనుగోలు ఫైళ్ళు మా బల్ల మీదుగానే నడిచాయి. చిన్న కొనుగోళ్ళకు మూడు కొటేషన్లు తెప్పించి, తక్కువ ధర చెప్పినవారికి ఆర్డరు ఇవ్వాలన్నది అక్కడి పద్ధతి. ఆ మూడు కొటేషన్లూ తరచుగా ఒకే కవరులో, ఒకే మనిషి చేత వచ్చేవి. మూడు లెటర్‌హెడ్ల మీద చేతిరాత ఒక్కటే. మేము వాటికి వరుస సంఖ్యలు వేసి, పోలిక పట్టిక తయారు చేసి, సంతకానికి పంపేవాళ్ళము. కాగితం ప్రకారం అంతా సక్రమమే. ఆడిట్ వారి అభ్యంతరం ఒక్కటి కూడా రాలేదు.

ఆ రోజుల్లో కార్యాలయానికి కొన్న ఇనుప రాకులు ఎక్కడివో మాకు పదవీ విరమణ తరువాత తెలిసింది. మేము కూర్చున్న బల్లకు రెండు వీధుల అవతల ఒక ముస్లిం సోదరుని వెల్డింగు షాపు ఉంది. వాటిని చేసింది ఆయన. కొని మాకు అమ్మింది మరొకరు. "మరి మీరెందుకు కొటేషన్ ఇవ్వలేదు భాయీ?" అని అడిగాము. ఆయన చేతిలోని పని ఆపకుండానే, "అడిగిందెవరు సాబ్?" అన్నారు.

ఆ మాటకు మా వద్ద జవాబు లేదు. మేము ముస్లింలమే. ఆ వీధిలో జుమా నమాజుకు నడిచినవాళ్ళమే. ఆయనను దూరం పెట్టాలన్న ఉద్దేశం మాకు లేదు. ఆయనను వెతకాలన్న ఆలోచన మాత్రం కలగలేదు. వివక్ష అంటే ఎప్పుడూ ద్వేషమే అనుకుంటాము. కొంత ద్వేషం వల్ల జరిగే మాట నిజమే. కానీ చాలా భాగం అలవాటు వల్ల జరుగుతుంది. నిరుడు ఎవరి వద్ద కొన్నామో ఈ ఏడూ వారి వద్దే కొనడం అందరికీ సులువు. ఆ సులువే ఎందరి ముందో తలుపు మూస్తుంది.

చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

ఈ విషయంలో చట్టం ఏమి చెబుతున్నదో కొంత తెలుసుకోవాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం కింద కేంద్ర ప్రభుత్వం 2012లో ఒక కొనుగోలు విధానం ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో నిర్ణీత భాగం సూక్ష్మ, చిన్న సంస్థల నుండి కొనాలని అది నిర్దేశిస్తుంది. మొదట 20 శాతంగా ఉన్న ఆ భాగాన్ని 2018లో సవరించి 25 శాతం చేశారు. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు. వీరికి టెండరు పత్రాలు ఉచితం, ధరావతు సొమ్ము మినహాయింపు. అతి తక్కువ ధర చెప్పినది పెద్ద సంస్థ అయి, చిన్న సంస్థ చెప్పిన ధర దానికి 15 శాతం లోపు ఎక్కువగా ఉంటే, ఆ తక్కువ ధరకు దిగిరావడానికి ఒప్పుకున్న చిన్న సంస్థకు ఆర్డరులో కొంత భాగం ఇవ్వవచ్చు.

మైనారిటీలకు ఇందులో ప్రత్యేక వాటా లేదు. పాకీపని చేసిన మెహతర్ ముస్లింల వంటివారు కూడా షెడ్యూల్డు కులాల వాటాలోకి రాలేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు, తరువాతి సవరణల ద్వారా సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే పరిమితం చేసింది. ఇది మనం ఎత్తి చూపవలసిన లోపం. ఎత్తి చూపుతూనే ఉందాము. అయితే సూక్ష్మ సంస్థగా 25 శాతంలో పోటీ పడే హక్కు మతంతో నిమిత్తం లేకుండా అందరిదీ. మహిళల వాటాలో ముస్లిం మహిళ కూడా ఉంది. ఉన్న హక్కును వాడుకోకుండా లేని హక్కును మాత్రమే అడిగేవారి మాటకు బలం తక్కువ.

ఈ సదుపాయాలు అందాలంటే ముందు ఉద్యమ్ నమోదు కావాలి. 2020 జూలై 1 నుండి అమలులో ఉన్న ఈ నమోదు పూర్తిగా ఉచితం. అది ఆన్‌లైన్‌లో జరుగుతుంది. దీనికి రుసుము అడిగేవారిని నమ్మవద్దు. మరొక్క సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈ కొనుగోలు విధానం తయారీ చేసేవారికి, సేవలు అందించేవారికే వర్తిస్తుంది. కొని అమ్మే వ్యాపారికి కాదు.

ఇక్కడ ఒక సోదరి సంగతి చెప్పాలి. ఆమె ఇంట్లో నాలుగు కుట్టు మిషన్లున్నాయి. ఆమెతో పాటు మరి ముగ్గురు స్త్రీలు పాఠశాల యూనిఫారాలు కుడతారు. నమోదు పత్రం చూపించమంటే తెచ్చి మా ముందు పెట్టారు. అందులో పేరు భర్తది, బ్యాంకు ఖాతా భర్తది. ఆయన చేసేది ఆటో నడపడం. "మిషను నాది భాయీజాన్, చేయి నాది, కాగితం ఆయనది" అని ఆమె నవ్వారు. ఆ కాగితం మూలంగా మహిళల వాటాకు ఆమె అర్హురాలు కాకుండా పోయారు. ఆ భర్త మంచివారే. చెప్పిన వారం రోజుల్లో ఆమె పేర పత్రాలు తయారు చేయించారు. అంతవరకు ఎవరూ చెప్పలేదంతే. తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫారాల కుట్టుపని మహిళా స్వయం సహాయక సంఘాలకు అప్పగించారు. మన బస్తీల్లో కుట్టుపని తెలిసిన స్త్రీలు ఇంతమంది ఉండగా ఆ సంఘాల్లో సభ్యులుగా ఎందరున్నారో ఒక్కసారి లెక్క చూసుకోండి.

వెతకడం ఒక పని

వెల్డింగు షాపు సోదరుడు అడిగిన ప్రశ్న మమ్మల్ని వదలలేదు. అందుచేత మేము కొందరు విశ్రాంత ఉద్యోగులం కలిసి మా పట్టణంలోని గల్లీల్లో తిరిగాము. ఒక దళసరి నోటు పుస్తకం తీసుకుని, ప్రతి ఉత్పత్తిదారుని ఆరు ప్రశ్నలు అడిగాము. ఏమి చేస్తారు? వారానికి ఎంత చేయగలరు? ఇంతవరకు చేసిన అతి పెద్ద ఆర్డరు ఎంత? ముడిసరుకు అప్పు మీద తెస్తారా, రొక్కానికా? కాగితాలు ఎవరి పేర ఉన్నాయి? చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పగలరు?

ముస్లింల ఇళ్ళకు మాత్రమే వెళ్ళాలన్నది మా తొలి ఆలోచన. మూడవ రోజుకే అది మారింది. ఎందుకంటే చెప్పుల పని చేసే దళిత సోదరుడు, వెదురు బుట్టలు అల్లే మేదరి అమ్మ, మిఠాయి డబ్బాలు అంటించే పేద క్రైస్తవ కుటుంబం, అందరూ అదే గల్లీల్లో, అదే మధ్యవర్తి కింద, అదే ధరకు పనిచేస్తున్నారు. వారి పేర్లు వదిలేసి మా పేర్లు మాత్రమే రాసుకోవడానికి చేయి రాలేదు. కనబడనివారి జాబితా తయారు చేస్తూ మేమే మరి కొందరిని కనబడకుండా చేయడం తగదనిపించింది.

ఇటువంటి జాబితా ప్రతి పట్టణంలోనూ సాధ్యమే. హైదరాబాదు లాడ్ బజారు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు చెక్కే కొయ్య చెంచాలకూ, గరిటెలకూ ఆ గుర్తింపు ఉంది. గుర్తింపు వస్తువుకు పేరు తెస్తుంది. కానీ ఒక హోటలు వారు వంద చెంచాలు కావాలనుకుంటే ఎవరికి ఫోను చేయాలి, ఎన్ని రోజుల్లో వస్తాయి అన్నదానికి సమాధానం గుర్తింపు పత్రంలో దొరకదు. అది ఊరిలోని మనిషి వద్ద, ఇటువంటి నోటు పుస్తకంలోనే దొరుకుతుంది.

పరుపుల ఆర్డరు

ఇప్పుడు మేము మొదట చెప్పిన షరతు దగ్గరికి వస్తున్నాము.

మా జాబితాలో ఒక నూర్‌బాషా దూదేకుల సోదరుడున్నారు. తండ్రి తాతల నాటి నుండి పరుపుల పని. దూది ఏకే యంత్రం ఒకటి సొంతంగా ఉంది. ఒక విద్యాసంస్థకు హాస్టలు పరుపులు కావాలని తెలిసి మేమే వెళ్ళి ఆయన గురించి చెప్పాము. ఆ సంస్థ మన సముదాయం చందాలతో నడుస్తున్నదే. పేరు చెప్పము. వారు రెండు వందల పరుపులకు ఆర్డరు ఇచ్చారు. అందరం సంతోషించాము. ఆయన మాకు స్వీట్లు కూడా పంచారు.

తప్పు అక్కడే మొదలయింది. ఒకేసారి ముప్పై పరుపులకు మించి ఆయన ఎప్పుడూ చేయలేదు. ఆ సంగతి మా నోటు పుస్తకంలో మా చేతిరాతతోనే ఉంది. మేము దానిని చూడకుండా, మనవాడు కదా, చేసేస్తాడు అనుకున్నాము. ఆయన కూడా కాదనలేక ఒప్పుకున్నారు. దూది కోసం అప్పు చేశారు. సాయానికి బంధువులను పిలిపించారు. చివరి యాభై పరుపులు పన్నెండు రోజులు ఆలస్యమయ్యాయి. వాటిలో కొన్నింటిలో దూది తూకం తగ్గింది. పిల్లలు కొన్ని రాత్రులు చాపల మీద పడుకున్నారు. సంస్థ వారు కోపించారు. ఆ కోపంలో న్యాయం ఉంది.

తూకం తగ్గిన పరుపులను ఆయన వెనక్కి తీసుకువెళ్ళి, దూది నింపి తెచ్చి ఇచ్చారు. అయినా బిల్లు కదలలేదు. కోశాధికారి ఊరిలో లేరన్నారు. కమిటీ సమావేశం కావాలన్నారు. రంజాన్ తరువాత చూద్దామన్నారు. అయిదు నెలలు గడిచాయి. ఈ అయిదు నెలలూ దూది అప్పుకు ఆయన వడ్డీ కట్టారు. ఒక రోజు మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, "సారూ, పరుపు చెడిందంటే విప్పి మళ్ళీ కుట్టిస్తాను. గడిచిన నెలలను ఎట్లా విప్పేది?" అన్నారు. ఆ మరుసటి వారం దూది ఏకే యంత్రం అమ్మేశారు.

సోదరులారా, ఈ సంగతి చెప్పడానికి మాకు కష్టంగానే ఉంది. వడ్డీ హరామ్ అని ప్రతి సభలో చెప్పే మన సంస్థ, వడ్డీ తీసుకోని మన సంస్థ, తన ఆలస్యంతో ఒక పేదవాని చేత వడ్డీ కట్టించింది. ఆ పాపంలో వాటా ఎవరిదని అడిగితే ఏమి చెబుదాము? మా వాటా మేము ఒప్పుకుంటున్నాము. శక్తి చూడకుండా సిఫారసు చేసినది మేమే. ఆర్డరు వచ్చిన తరువాత మా పని అయిపోయిందనుకుని ఇంటికి వెళ్ళినది మేమే.

చట్టం ఆయన పక్షానే ఉంది. 2006 చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉంటే ఎంత గడువు రాసుకున్నా 45 రోజులకు మించకుండా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలి. ఫిర్యాదు చేయడానికి ఫెసిలిటేషన్ కౌన్సిళ్ళున్నాయి. 2017లో సమాధాన్ పోర్టల్ వచ్చింది. 2024 ఏప్రిల్ నుండి వర్తించిన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం, ఆ గడువు దాటి బకాయి పెట్టిన సొమ్మును వ్యాపార సంస్థలు చెల్లించేదాకా ఖర్చుగా చూపుకోలేవు. ఇవన్నీ ఆయనకు చెప్పాము. "వడ్డీ డబ్బు నాకు వద్దు. మనవాళ్ళ మీద కేసు కూడా వద్దు. నా అసలు నాకు ఇప్పించండి చాలు" అన్నారు. ఆ సొమ్ము చివరకు వచ్చింది. యంత్రం మాత్రం తిరిగి రాలేదు. ఇప్పుడు ఆయన మరొకరి దుకాణంలో రోజు కూలికి పరుపులు కుడుతున్నారు.

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన వాక్యం అల్ బఖరా అధ్యాయంలోని 282వది. అది గడువు మీద జరిగే అప్పు లావాదేవీని రాసిపెట్టుకోవడం గురించినది. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. చిన్నదయినా పెద్దదయినా గడువుతో సహా రాసుకోవాలన్న ఆజ్ఞ అది. మనవాడే కదా, కాగితం ఎందుకు అనేవారు ఆ వాక్యాన్ని ఒకసారి చదవాలి. కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు. ఇద్దరి గౌరవాన్నీ కాపాడేది కాగితమే.

మన సంస్థల నుండే మొదలు

2022 మార్చిలో కర్ణాటక తీరప్రాంతంలోని ఆలయ జాతరలలో ముస్లింలు దుకాణాలు పెట్టకూడదని బ్యానర్లు కట్టారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కాఁవడ్ యాత్ర దారిలోని తినుబండారాల దుకాణాలపై యజమానుల పేర్లు రాయాలని ఆదేశించగా, సుప్రీంకోర్టు దానిని నిలుపుదల చేసింది. ఇటువంటి వార్తలు వచ్చినప్పుడు మన యువకుల్లో కొందరు, అయితే మనమూ మనవాళ్ళ వద్దే కొందాము అంటున్నారు. వారి బాధ మాకు అర్థమవుతుంది. ఆ దారి మాత్రం మనది కాదు.

ప్రవక్త ముహమ్మద్ (స) మదీనాలో ఒక యూదుని వద్ద తన కవచాన్ని తాకట్టు పెట్టి ఇంటివారి కోసం బార్లీ తీసుకున్నారని హదీసు గ్రంథాలలో ఉంది. మక్కా నుండి మదీనాకు హిజ్రత్ చేసిన ప్రాణసంకట సమయంలో దారి చూపడానికి కిరాయికి కుదుర్చుకున్న అబ్దుల్లా బిన్ ఉరైఖిత్ ముస్లిం కాదు. ఆయనకు ఎడారి దారులు తెలుసు, ఆయన మాట నమ్మదగినది. అది చాలింది. పని తెలిసినవానిని, మాట నిలిపేవానిని వెతకడం సున్నత్‌కు దగ్గరగా ఉంది. పేరు చూసి కొనడం దూరంగా ఉంది. అది ఇతరులు చేసినా సరే, మనం చేసినా సరే.

అదీగాక, తలుపు తెరవమని అడిగేవారు ముందు తమ తలుపు తెరిచి ఉంచాలి. ఇక్కడున్న నిర్వాహకులను మేము వినయంగా కోరుతున్నాము. ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక మీ సంస్థ కొనుగోలు రిజిస్టరు తీయండి. గడచిన మూడేళ్ళలో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టండి. వాటిలో వస్తువు స్వయంగా తయారు చేసేవారెందరు? స్త్రీలెందరు? దూదేకుల, ఖురేషీ, మెహతర్ కుటుంబాలవారెందరు? దళితులెందరు? కమిటీ సభ్యుల బంధువులెందరు? చివరి ప్రశ్నకు వచ్చే అంకె అన్నిటికంటే పెద్దదయితే, ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మనం మాట్లాడుకోవలసింది చాలా ఉంది.

ప్రభుత్వాన్ని అడగవలసింది

అమెరికాలో అధ్యక్షుడు నిక్సన్ 1969లో మైనారిటీ వ్యాపారాల కోసం ఒక ప్రత్యేక కార్యాలయాన్ని ఏర్పరిచారు. 1972లో పెద్ద కంపెనీలకు మైనారిటీ సరఫరాదారులను పరిచయం చేసే జాతీయ మండలి ఏర్పడింది. సంస్థలో కనీసం 51 శాతం యాజమాన్యం మైనారిటీలదై ఉండాలని నియమం పెట్టి, పరిశీలించి ధ్రువపత్రం ఇస్తారు. దానివల్ల కొనేవారికి జాబితా దొరుకుతుంది, చేసేవారికి పరిచయం దొరుకుతుంది. ఆ దేశపు పరిస్థితి వేరు, చరిత్ర వేరు. కానీ వెతకడం కొనేవాని బాధ్యత కూడా అన్న సూత్రం మనకూ పనికివస్తుంది.

మన దేశంలోనూ ఆ ఆలోచన లేకపోలేదు. వైవిధ్యాన్ని కొలిచే సూచికను తయారు చేసి, దాని ఆధారంగా సంస్థలకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని సచార్ కమిటీ సూచించింది. ఆ సూచిక కోసం అమితాభ్ కుందూ అధ్యక్షతన నియమించిన నిపుణుల బృందం 2008లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను మళ్ళీ చర్చకు తేవాలి. మనం ప్రభుత్వాలను ఆర్భాటం లేకుండా మూడు కోరికలు కోరవచ్చు. ప్రభుత్వ సంస్థలకు సరఫరా చేసేవారిలో ఏ సామాజిక వర్గాల వారు ఎందరున్నారో ఏటా ప్రకటించాలి. గురుకులాల వంటి సంస్థల పెద్ద ఆర్డర్లను స్థానిక చిన్న ఉత్పత్తిదారులు మోయగలిగిన భాగాలుగా విడదీయాలి. చిన్న సరఫరాదారుల బిల్లులు ఏ తేదీన వచ్చి ఏ తేదీన చెల్లించబడ్డాయో అందరూ చూడగలిగేలా ఉంచాలి.

ఉత్పత్తిదారులైన సోదర సోదరీమణులకు కూడా కొన్ని మాటలు. మీ శక్తికి మించిన ఆర్డరును కాదనడం సిగ్గుచేటు కాదు. నలుగురు కలిసి పంచుకుని చేయండి. నమూనా ఒకటి మీ వద్ద, ఒకటి కొనేవారి వద్ద ఉంచి రెండింటి మీదా సంతకాలు చేయించండి. ఆలస్యమయ్యేటట్లుంటే గడువు తేదీన కాదు, వారం ముందే చెప్పండి. సరుకు దించిన రోజునే చలాను మీద తేదీతో సంతకం తీసుకోండి. ఆ సంతకం లేకపోతే పై చట్టం మీకు ఎంత అండగా ఉన్నా రుజువు ఉండదు. కొలతలో మోసం చేసేవారి గురించి ఖుర్ఆన్‌లో ఒక పూర్తి అధ్యాయమే వారి పేరుతో ఉందన్న సంగతి తూకం రాయి చేతబట్టిన ప్రతిసారీ గుర్తు తెచ్చుకోండి.

మా బృందం కూడా పద్ధతి మార్చుకుంది. ఇప్పుడు మేము ఎవరినైనా సిఫారసు చేస్తే మొదటి ఆర్డరు వారి మామూలు పనిలో సగానికి మించకుండా చూస్తాము. ముడిసరుకుకు కావలసిన సొమ్ము ముందుగా ఇవ్వడానికి ఒప్పుకున్న సంస్థకే పేరు చెబుతాము. సరుకు దిగిన పదిహేనవ రోజున మాలో ఒకరు వెళ్ళి బిల్లు సంగతి అడుగుతారు. కొందరు నిర్వాహకులకు ఇది నచ్చదు. మా రాక చూసి మొహం తిప్పుకునేవారూ ఉన్నారు. మాకు విచారం లేదు. సర్వీసులో ఉండగా అడగని ప్రశ్నలు ఇప్పుడైనా అడుగుతున్నామన్న తృప్తి ఉంది.

వెల్డింగు షాపు సోదరుడు ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రికి తన సొంత బిల్లు మీద మంచాలు ఇస్తున్నారు. ఆ ఆసుపత్రి యజమాని ముస్లిం కాదు. మొదట నాలుగు మంచాలు చేయించుకుని, ఆరు నెలలు వాడి చూసి, అప్పుడు ఇరవై అడిగారు. డబ్బు చెప్పిన రోజున ఇస్తారు. యూనిఫారాలు కుట్టే సోదరి ఇంట్లో ఇప్పుడు ఆరు మిషన్లున్నాయి.

పరుపుల సోదరుని కోసం మేము ఒక పాత యంత్రాన్ని వెతుకుతున్నాము. కొంత సొమ్ము పోగయింది. ఆయన దానిని దానంగా పుచ్చుకోనన్నారు. తొలి ఆర్డరులోని లాభం నుండి వాయిదాలలో తీరుస్తానని, ఆ మాట కాగితం మీద రాయమని ఆయనే అడిగారు. ఆ తొలి ఆర్డరు ఇవ్వవలసినవారు ఈ సభలోనే ఉన్నారని మా నమ్మకం. ముప్పై పరుపులు చాలు. పదిహేనవ రోజున డబ్బు చాలు.

మాలో ఏదైనా మాట పరుషంగా వచ్చి ఉంటే క్షమించండి.  అల్లాహ్ మన తూకాలను, మన గడువులను సరిగా ఉంచుగాక. వస్సలాం.